మిషన్ మీద పరుగు

మా ఎదురింటి టైలరు నాలుగు మెట్లెక్కితే రొప్పే మనిషి. బడి పరుగులో తనతోపాటు ఇరవై నిమిషాలు పరుగెత్తాలని కూతురు అడిగితే, మాటిచ్చి, ఫోన్లో తొమ్మిది వారాల పరుగు పాఠాలు మొదలుపెట్టాడు. మొదటివారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. చెమట సాక్సులు తెచ్చి మెట్ల కమ్మీ మీద ఆరేసేవాడు. ఆ కంపు భరించలేక, తీయమని రోజూ పోరేదాన్ని.

మూడోవారం నుంచి సాక్సులూ లేవు, కంపూ లేదు. పిల్ల మాత్రం, "నాన్న ఆరోవారానికి వచ్చేశాడు మామ్మా!" అని ఒకటే సంబరం. ఉండబట్టలేక కొట్లోకి తొంగిచూశాను. ఫోను పిక్కకు కట్టుకుని, చొక్కా కుడుతూ మిషన్ తొక్కుతున్నాడు! ఆ తొక్కుడునే ఫోను పరుగని లెక్కేస్తోంది.

"ఛీ! కన్నకూతుర్నే మోసం చేస్తావుటయ్యా?"

"కాళ్ళు ఆడుతున్నాయిగా పిన్నిగారూ!"

"కాళ్ళు సరే, రేపు ఊపిరాడొద్దూ?"

పరుగు రోజు నేనూ వెళ్ళాను. మూడో నిమిషానికే దారి పక్కన కూలబడి, తిన్నదంతా కక్కాడు. తోటిపిల్లలు దాటిపోతుంటే, ఆ పిల్ల పరుగాపి వాడి వీపు నిమురుతూ నిలబడింది. ఆ కక్కు కన్నా వాడి మొహమే నాకు రోతగా తోచింది.

మర్నాడు కమ్మీ మీద మళ్ళీ ఆ కంపు సాక్సులే. ముక్కు మూసుకున్నాను గాని, తీయమనలేదు.