తాతయ్య కుడికన్ను

1974లో తెనాలిలోని ఒక కంటి ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. నా పైన చీఫ్ సర్జన్ ఉండేవారు. కోతలన్నీ ఆయనవి, కోత తర్వాతి సంరక్షణ నాది. ఆడ డాక్టర్లు అంతగా అలవాటు లేని రోజులు కాబట్టి పేషెంట్ల తాలూకు మనుషులు నన్ను నర్సనుకుని మంచినీళ్ళు తెమ్మనేవారు. తెచ్చిచ్చి, ఆ తర్వాత కన్ను చూసేదాన్ని.

మరుసటేడు మా తాతయ్యే పేషెంటుగా వచ్చారు. బాపట్లలో లెక్కల మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక సొంత ఊరు రేపల్లెలో స్థిరపడ్డారు. మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన దగ్గరే ఉంచుకున్నారు. ఆడపిల్లకు అంత చదువెందుకన్న చుట్టాలందరితో మాటలు పడి నన్ను మెడిసిన్‌లో చేర్పించారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు వెనకబడ్డ పిల్లల్ని ఇంటి వరండాలో కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవారు. ఆ పని మానేశాక ఊరికే ఉండలేక, తనకంటే బాగా చిన్నవాడైన ఒక పంతులుగారి దగ్గర సంస్కృతం మొదలుపెట్టారు. కావ్యం ఒకటి సగంలో ఉండగా చూపు మొరాయించింది.

ఎడమకన్ను అంతకుముందే నీటికాసుల జబ్బుతో పోయింది. మిగిలింది శుక్లం ముదిరిన కుడికన్ను ఒక్కటే. అది బాగుపడితేనే ఆయన మళ్ళీ పుస్తకం పట్టుకోగలరు.

నన్నే కొయ్యమన్నారు. సొంతవాళ్ళ మీద కత్తి పట్టకూడదన్నది మా వృత్తిలో కట్టుబాటు. అది చెబితే, “నిన్ను చదివించింది ఊళ్ళోవాళ్ళ కోసమా ఏంటి?” అని అలిగి కూర్చున్నారు. చీఫ్ సర్జనే నచ్చజెప్పి, తానే ఆపరేషన్ చేశారు. చక్కగా జరిగింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఇప్పటి వాళ్ళు మధ్యాహ్నం శుక్లం తీయించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్తున్నారు. అప్పట్లో కోత పెద్దది, కుట్లు తక్కువ. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టిగా నమలకూడదు. లేచి కూర్చుంటే కుట్లు విడిపోయినట్టే. తాతయ్య బుద్ధిగా పడుకున్నారు. కట్ల కింద నుంచే పక్క మంచాల వాళ్ళకు పొడుపు లెక్కలు వేసేవారు.

ఒక ఉదయం భట్టిప్రోలు నుంచి వెంకట్రామయ్యగారు వచ్చారు. తాతయ్య వరండాలో చదువుకుని పైకొచ్చిన వాళ్ళలో ఆయనొకరు. అప్పటికి హెడ్మాస్టరు. నేను పక్క మంచం దగ్గర చుక్కలమందు వేస్తున్నాను. ఆయన చెప్పులు బయట విడిచి, నిశ్శబ్దంగా వచ్చి, “మాస్టారూ, నేనండి, వెంకట్రామయ్యనండి” అంటూ తాతయ్య పాదాలు రెండూ పట్టుకున్నారు.

ఎవరు కాళ్ళకు దణ్ణం పెట్టినా వంగి భుజాలు పట్టి లేపడం తాతయ్యకు జీవితమంతా అలవాటు. “వద్దొద్దు, లే నాయనా” అంటూ ఇసుక సంచుల మధ్య నుంచి ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులూ ముందుకు చాపారు. నేను అరుస్తూ పరిగెత్తి ఆయన్ను మళ్ళీ పడుకోబెట్టాను. నా కేక దేనికో వెంకట్రామయ్యగారికి బోధపడలేదు. కారణం చెప్పకుండానే ఆయన్ను బయటికి పంపించేశాను.

కాసేపటికి తాతయ్య కన్ను సలుపుతోందన్నారు. చీఫ్ సర్జన్ వచ్చి కట్టు విప్పారు. కుట్లు సడలి, నల్లగుడ్డులోని పల్చటి పొర కోతలోంచి బయటికి తోసుకొచ్చి ఉంది.

ఎలా జరిగిందని ఆయన అడిగారు. నేను నోరు తెరిచేలోపే తాతయ్య, “దగ్గొచ్చిందండి. ఆపుకోలేకపోయాను” అన్నారు. రాత్రే దగ్గుమందు ఎందుకు పట్టించలేదని చీఫ్ సర్జన్ నర్సుల ముందే నన్ను చెడామడా తిట్టారు. శిష్యుణ్ణి కాపాడుకోవడానికి తాతయ్య మనవరాలిని ఇరికించారన్నమాట. తిట్లు తిని దగ్గుమందు తెప్పించాను.

బయటికొచ్చిన పొరను కత్తిరించి మళ్ళీ కుట్లు వేశారు. కన్ను దక్కింది గానీ పూర్తిగా దక్కలేదు. సోడాబుడ్డి అద్దాలు పెట్టాక తాతయ్య మనుషుల్ని పోల్చుకోగలిగారు, తన పనులు తాను చేసుకోగలిగారు. అచ్చు అక్షరాలు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయినట్టే కనిపించేవి. పుస్తకం దగ్గరికీ దూరానికీ జరిపి జరిపి చూసుకుని, మూసి పక్కన పెట్టేశారు. అది చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మాస్టారికి చదవడం కష్టమైందని విని, ఆ తర్వాత ప్రతి ఆదివారం వెంకట్రామయ్యగారు భట్టిప్రోలు నుంచి బస్సులో రేపల్లె వచ్చేవారు. తెలుగు లిపిలో అచ్చయిన ఆ కావ్యం పైకి చదివేవారు. ఆయనకు సంస్కృతం రాదు. ఆయన తడబడిన చోట తాతయ్య సరిదిద్ది, అర్థం చెప్పేవారు. అలా కొన్నేళ్ళు సాగింది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ చదువు వింటుంటే నాకు ఒళ్ళు మండేది. ఈ పెద్దమనిషి గురుసేవ చేస్తున్నాననుకుంటున్నాడు, కన్ను పోగొట్టింది తానేనని తెలియదు.

ఒక ఆదివారం ఆయన బస్సుకు వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను, ఈయనకు నిజం ఎందుకు చెప్పలేదని.

“చెబితే వాడు మళ్ళీ నా గడప తొక్కుతాడటే? ఈ పుస్తకం ఎవరు చదివిపెడతారు, నువ్వా? నీకు సెలవే దొరకదు” అన్నారు తాతయ్య. పుస్తకం అలమారలో పెడుతూ, “వాడు దణ్ణమే కదమ్మా పెట్టింది” అన్నారు.

కావ్యం పూర్తయిన తర్వాతే తాతయ్య పోయారు. పాడె మోసిన వాళ్ళలో వెంకట్రామయ్యగారూ ఉన్నారు. ఆయనకు చివరిదాకా ఈ సంగతి తెలియదు. ఇప్పుడాయన కూడా లేరు, ఆయనకు పిల్లలూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఘటన తర్వాత నా వార్డులో చూడవచ్చినవాళ్ళను మంచానికి బారెడు దూరంలోనే ఆపేసేదాన్ని. నేర్చుకున్నది అదొక్కటే కాదు. కంటికి ఏం జరిగిందో తెలుసుకోవడం డాక్టరు పని. దాన్ని ఎవరికి చెప్పాలన్నది ఆ కన్ను పోగొట్టుకున్న మనిషి ఇష్టం.