సూదితో లేపనివి

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట: చేతుల్లో స్పిరిట్ వాసన వస్తే నాకు మాట్లాడాలనిపిస్తుంది. ఒకప్పుడు డైరీలో తప్ప ఎక్కడా నోరు విప్పని నాకు! ఇవాళ ఉదయం ల్యాబ్‌లో బల్ల తుడుస్తుంటే ఆ వాసనే వచ్చింది. అప్పటి మా ల్యాబ్ హెడ్ సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

పాశమైలారంలో మాది చిన్న యూనిట్. వెంట్రుక కన్నా సన్నని లోహపు రేకులతో, ఫోన్ల లోపల వాడే స్విచ్‌లు చేస్తాం. కరెంటు ఇస్తే రేకు వంగి కింద తాకాలి, తీస్తే లేవాలి. అప్పట్లో మావి తాకితే అతుక్కుపోయేవి. అంత చిన్నవాటిలో ఆ అంటు ముందు రేకు బిగువు చాలదు. ఈసారీ అతుక్కుంటే స్విచ్‌ల పని ఆపేస్తామని యజమాని చెప్పేశారు. మేడమ్ ఉద్యోగ జీవితమంతా ధారపోసిన పని అది.

నాతో పనిచేసే ప్రవీణ్, అతుక్కున్న రేకును సన్నని సూదితో లేపి, బాగున్నవాటిలో కలిపేసేవాడు. ఒకరోజు మేడమ్ పట్టుకున్నారు.

"సూదితోని లేపితే లేసినట్టా? రేపు ఫోన్ లోపట సూది వట్టుకొని నువ్వు గూసుంటవా?"

సూదులన్నీ ఆమె సొరుగులోకి వెళ్లాయి. "ముట్టకుండ్రి. జెర సూడుండ్రి," అన్నారు.

చూడటం నాకు చేతనైన పని. మైక్రోస్కోపు కింద, లేచి ఉన్న రేకు మీద రంగుల చారలు కనిపిస్తాయి. అతుక్కున్నచోట ఒకటే రంగు. రేకంతా ఆనకుండా, అడుగున చిన్న బొడిపె మాత్రమే తాకేలా ముందే చేశాం. అయినా అతుక్కున్న ప్రతి రేకులోనూ బొడిపె దాటిన కొస ఒకటే రంగులో ఉంది.

మీటింగులో అందరూ తప్పంతా రేకు పైపూతదేనని తిడుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. మాట రాలేదు.

"ఈమె నోరు గూడ అతుక్కపోయింది మేడమ్!" అన్నాడు ప్రవీణ్. అందరూ నవ్వారు.

"ఊకో. ఆమెకు సూది వెట్టకు." మేడమ్ పెన్ను కింద పెట్టి, వేరే పనేమీ లేనట్టు నా వైపు చూస్తూ కూర్చున్నారు. నాకోసం అలా ఆగినవాళ్లు అంతకుముందు లేరు. అరచేతుల్లో స్పిరిట్ వాసన.

"బొడిపెను కొసకు జరపాలె మేడమ్. కొసనే అంటుకుంటున్నది."

జరిపాం. కొత్త రేకులకు కరెంటు ఇచ్చాం; వంగాయి. తీశాం. రంగుల చారలు కొస దాకా పరుచుకున్నాయి. మళ్లీ ఇచ్చాం, మళ్లీ తీశాం.

"లేసినయ్! అన్నీ లేసినయ్!" మాస్కులోంచే అరిచాడు ప్రవీణ్. సాయంత్రం యజమాని స్వయంగా జిలేబీ పట్టుకొచ్చారు.

ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. మీటింగులు నేనే నడుపుతున్నాను. ఎవరైనా తడబడితే పెన్ను కింద పెట్టి ఆగుతాను.

రిటైరైన రోజు మేడమ్ ఇస్నాపూర్ ఆటో ఎక్కుతూ, సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టి అన్నారు:

"నీకు జెప్పేదేం లేదు బిడ్డా. ప్రవీణ్‌కు మాత్రం సూది ఇయ్యకు."