లావు టైర్లు అడిగింది నాను

మా మావ బుధారం పొద్దున్న పోయేడు. పది దినాలు జొరం కాసింది. తరవాత కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి దించీసరికి ఒంట్లో ఏటీ మిగల్లేదు. మా అమ్మకి అన్న. గూడెం కొత్తవీధి నించి మా ఊరికి రోజూ జీపు తోలినోడు. మీలో శానామంది ఆ జీపు ఎక్కినోళ్ళే, అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా కొట్టి పంపుతన్నాను. నలుగురి ముందర నాకు మాట రాదు. సదువు ఐదుతో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకోండి.

మావ పొద్దున్నే సోడంబలి తాగి, జీపు సుట్టూ ఒకపాలి తిరిగేవోడు. ఇనప కడ్డీతో ఒక్కో టైరు మీదా కొట్టి ఆ మోత ఇనేవోడు. అప్పటిదాకా ఎవలు పిలిసినా పలికేవోడు కాదు. ముసలోళ్ళకి ముందు సీటు. కోళ్ళు, మేకలు ఉన్నోళ్ళకి ఎనక. పెళ్ళైనా సంతైనా ఇదే లెక్క.

టైరు అంటే ఆయనకి సన్నటిదే. "లావుది బురద మీద పడుకుంటాది. సన్నటిది బురదని కోసుకుని కిందున్న గట్టి నేలని అందుకుంటాది" అనేవోడు. సగం దినం తారు రోడ్డు మీదే కదా మన బతుకు, లావుది ఏస్తే స్టీరింగు తిప్పలేక బుజాలు పోతాయి, డీజిలూ తాగీసాది అని కూడా సెప్పేవోడు. నాను ఇన్నానా?

ఒకపాలి మారేడుమిల్లి కిరాయికి ఎళ్ళాం. అక్కడ ఎవలో పట్నం కుర్రోళ్ళ జీపు ఆగుంది. దాని టైరు ఒక్కోటీ మన రెండు టైర్లంత లావు. నానప్పుడే స్టీరింగు పట్టడం నేర్సుకుంటన్నాను. మన టైర్లు అరిగిపోయాయి కదా మావా, ఎలాగా మార్సాలి, అలాటియ్యే ఏద్దాం అని నెల్లాళ్ళు నస పెట్టేను. ఆకరికి, "సర్లే అల్లుడూ, ఒక వాన సూద్దాం" అని లావుయ్యే ఏయించేడు.

మా రోడ్డు సూడనోళ్ళకి ఒక సంగతి సెప్పాలి. తారు అయిపోయినాక మా ఊరికి ఎర్రమట్టి ఘాటీ, మూడు మలుపులు. వానల్లో జీపులు కూరుకుపోకండా ఏటా ఎండల్లో ఊరోళ్ళే కింద పారే గెడ్డ కాడ నించి రాళ్ళు మోసుకొచ్చి, సక్రాలు పడే సోట రెండు వరసలు పరుస్తారు. ఇంటికొక మనిషి రావాలి. రోడ్డంతా పరవడానికి రాళ్ళేవి, ఓపికేది. వరస జానెడు వెడల్పు. ఆ రోడ్డెక్కే జీపులన్నిటికీ సన్న టైర్లే, సరిపోద్ది.

లావు టైరుకి సాల్లేదు. సగం రాయి మీద, సగం బురదలో. దిగబడినకాడల్లా రాళ్ళని పక్కకి తన్నీసేది. నాలుగు ట్రిప్పులకి రెండో మలుపు కాడ వరస సెదిరిపోయింది. మా ఎనకొచ్చిన జీపు కూరుకుపోయింది. సంతకెళ్ళాల్సిన ఆడోళ్ళు పసుపు మూటలు నెత్తినెట్టుకుని, పిల్లల్ని సంకనేసుకుని ఆ బురదలో నడిసేరు.

మర్నాడు ఊరోళ్ళు మా జీపు ఆపేరు. నాను పక్క సీట్లోనే ఉన్నాను. ఊరిపెద్ద వొచ్చి, "ఏటిరా, ఈ వయసులో నీకీ సోకు? మావు నడుములిరగ్గొట్టుకుని పరిసింది నీ బొజ్జ టైర్లతో తొక్కీడానికా?" అన్నాడు. పెళ్ళికొడుకుననుకుంటన్నాడేమో అని ఎనక నించి ఒక ముసిల్ది అంది. అందరూ నవ్వేరు. నాను సెప్పీద్దామని నోరు తెరిసేను. మావ నా మోకాలి మీద సెయ్యేసి నొక్కీసేడు.

"నా బుద్ది గడ్డి తింది. నానే సర్దుతాను" అన్నాడు.

ఆ వారంలోనే సన్న టైర్లు ఏసీసేడు. రోజూ ఆకరి ట్రిప్పు అయినాక గెడ్డలోకి దిగి రాళ్ళు ఎత్తుకొచ్చేవోడు. నానూ ఎళ్ళేవోణ్ణి గానీ, సిన్నయ్యే నాకిచ్చి పెద్దయి తనే మోసేవోడు. వొంగున్నోడు లెగవడానికి శానాసేపు పట్టేది. నీ తప్పని ఎందుకన్నావు మావా అని ఒక దినం అడిగేను. రాయి కింద మన్ను కూరుతానే సెప్పేడు. "నన్ను తిట్టినా నా జీపెక్కుతారు. నిన్ను సూసి ఒకపాలి నవ్వితే మరి ఎక్కరు. రేపు తోలాల్సింది నువ్వు."

ఆ తరవాత ఆయన పేరే పోయింది. బొజ్జ టైర్లోడు అయిపోయేడు. పిల్లలు కూడా అలగే పిలిసీవోరు. మావ పలికేవోడు. మూడేళ్ళు నాను ఇంటానే ఉన్నాను. రేపు సెప్తాను, వొచ్చే సంతకి సెప్తాను అనుకుంటానే.

గురారం తీసుకెళ్ళేటప్పుడు వాన. జీపులో ఎక్కిద్దామన్నారు గానీ నాను తోలనన్నాను. మోసేం. రెండో మలుపు కాడ పాడె ముందు కొమ్ము పట్టిన ఊరిపెద్ద, "బొజ్జ టైర్లోడు తేలిగ్గానే ఉన్నాడ్రా" అన్నాడు, ఏడుస్తానే. నాను ఎనక కొమ్ము కింద ఉన్నాను. దాసి దాసి అలిసిపోయేను. ఇప్పుడు అందరికీ సెప్తన్నాను. ఆ టైర్లు అడిగింది నాను. మావ వొద్దనే అన్నాడు.

అక్కడ రోడ్డు నడిమద్దెన మోకాల్లోతు బురద. ఎవలూ సెప్పలేదు, ఎడం పక్కోళ్ళం ఎడం వరస మీదకి, కుడి పక్కోళ్ళు కుడి వరస మీదకి ఎక్కీసేం. రెండు వరసల మద్దెన ఎర్రనీళ్ళు పారతన్నాయి. పైన పాడె. రాయి మీంచి రాయి మీదకి అడుగేసుకుంటా నలుగురం ఎళ్ళాం.