లచ్చన్న అడిగిన డ్రై షెర్రీ

2023 చలికాలం. మస్కట్‌లో ఘుబ్రా దగ్గర, బయట బోర్డు కూడా సరిగ్గా కనిపించని ఒక మద్యం దుకాణంలో నేను సేల్స్‌మన్‌ని. పర్మిట్ కార్డు ఉన్నవాళ్ళకే అమ్ముతాం. రాజమండ్రిలో మావాళ్ళకు మాత్రం సూపర్‌మార్కెట్‌లో పని అని చెబుతుంటాను. ఆ సిగ్గు వేరు, ఇప్పుడు చెప్పబోయేది వేరు.

షెర్రీ స్పెయిన్‌లో చేసే, కాస్త ఘాటైన వైన్. అందులో తీపి లేనిదాన్ని డ్రై అంటాం. డ్రైలో తేలికైన రకం ఫినో. అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి ధరా తక్కువే. కానీ వేయించిన చేపకూ ఉప్పు బాదంపప్పుకూ దాన్ని మించింది మా షాపులో లేదు. బాగా చల్లగా తాగాలి, మూత తీశాక నాలుగైదు రోజుల్లో ముగించాలి. సీసా మీద క్రీమ్ అని ఉంటే మాత్రం అది తియ్యటి రకం. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం!

ఒక గురువారం సాయంత్రం లచ్చన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. నేను తెలుగువాణ్ణని తెలియగానే అతని ముఖం వెలిగిపోయింది.

"తమ్మీ, మా ఇంజనీర్ సార్ నౌకరి అయిపోయి వాపస్ లండన్ ఎల్లిపోతున్నడు. నా చెయ్యి మెషిన్ల వడ్డప్పుడు కార్ల ఏస్కొని దవాఖానకు ఉరికినోడు. రేపు మా రూమ్‌కు బువ్వకు పిలిచిన. చాపల ఫ్రై చేస్తున్న. తినేటప్పుడు డ్రై షెర్రీ అయితెనే తాగుతనని ఎన్నడో అన్నడు. ధర మస్తు పిరం లేకుంట మంచిది చూడు" అన్నాడు.

ఇంత స్పష్టంగా ఏ తెల్లవాడూ అడగలేదు. ఫినో నా వెనక ఫ్రిజ్‌లోనే ఉంది. కానీ మనవాళ్ళకు డ్రై ఏం తెలుస్తుందిలే, రుచి చూసి పులిసిపోయిందని రేపు గొడవకొస్తాడు అనుకున్నాను. బంగారు రంగు అట్టపెట్టెలో ఉన్న క్రీమ్ షెర్రీ తీసి చేతిలో పెట్టాను.

"ఇది పట్టుకెళ్ళన్నా. దొరలు దీనికోసం పడి చస్తారు."

ధర ఫినో కన్నా ఎక్కువే. అతను మారుమాట్లాడకుండా తీసుకుని, నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

మరుసటి వారం మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏమీ కొనలేదు.

"సార్ ఒక్క గుక్క తాగి మంచిగున్నదన్నడు. మల్ల గ్లాసు ముట్టలే, నీళ్ళే తాగిండు. చాప గూడ సగమే తిన్నడు. అది డ్రైయేనా తమ్మీ?"

ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "అవునన్నా, అదే" అనేశాను.

లచ్చన్న తలూపాడు. "గట్లయితె నా వంటే చెడిపోయింది. ఉప్పెక్కువైందో ఏమో. నాకంత చేసినోనికి ఒక్క పూట సక్కగ పెట్టలేకపోయిన."

అతను తలుపు దాటేసరికి నాకు సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. కౌంటర్ వదిలేసి పార్కింగ్ దాకా పరుగెత్తాను.

"నీ వంటలో తప్పేం లేదన్నా. నువ్వడిగింది నేనివ్వలేదు. నీకేం తెలుస్తుందిలే అనుకుని తియ్యటిది అంటగట్టాను. చేపతో అది బెల్లం పాకం తాగినట్టుంటుంది. సార్ నంబరివ్వు, తప్పు నాదేనని నేనే చెబుతాను."

అతను నాలుగు తిట్టినా బాగుండేది.

"ఏమని చెప్తవ్? మా తెలుగోడే నన్ను సూసి నా మాట లెక్కచెయ్యలేదని చెప్తవా? వద్దు తమ్మీ. లచ్చన్నకు వంట రాదనే అనుకోనీ."

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఏం వండుతున్నారో అడుగుతాను. డ్రై అంటే డ్రైయే ఇస్తాను, చవకదైతే చవకదే. నేర్చుకున్నది ఇంతే. నా భాషలో అడిగిన మనిషి మాటని నేనే లెక్కచెయ్యలేదని గుర్తొస్తే మాత్రం, ఈ రోజుకీ ఎవరి ముఖమూ చూడబుద్ధి కాదు.