నువ్వు కండ్లు మూయొద్దు

మా సంఘంలో ఈ సంగతి చెప్పే పద్ధతి ఒకటుంది. మిషన్ ఆస్పత్రిలో ఒక ముస్లిం ఆమె చావుబతుకుల్లో ఉందట. డాక్టర్లు చేతులెత్తేశారట. అప్పుడు వార్డు సిస్టరు మంచం పక్కన మోకరించి, కన్నీళ్లతో ప్రార్థించిందట. ఆమె లేచి నడిచి ఇంటికి పోయిందట. మా అయ్యగారు, అంటే సంఘ కాపరి, దీన్ని ప్రతి ఏడూ చెబుతారు. చెప్పిన ప్రతిసారీ ఆ సిస్టరు కన్నీళ్లు కొంచెం పెరుగుతుంటాయి.

ఆ సిస్టరు నేనే. నేను మోకరించలేదు. నా మోకాళ్లు అప్పటికే అరిగాయి, మోకరిస్తే లేపడానికి ఇద్దరు కావాలి. ఏడవనూ లేదు. డాక్టర్లు చేతులెత్తేయలేదు, ఎత్తేస్తే మరి ఆపరేషన్ ఎవరు చేసినట్టు? అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ రోజు నేను ప్రార్థనే చేయలేదు. చేయొద్దని ఆమే చెప్పింది.

ఎందుకు చెప్పిందో తెలియాలంటే మా వార్డు సంగతి తెలియాలి.

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే దారిలో ఉండేది మా ఆస్పత్రి. చిన్నది. మామిడి కాలంలో చెట్ల మీది నుంచి పడ్డవాళ్లు, గుజ్జు ఫ్యాక్టరీల్లో చేతులు కోసుకున్నవాళ్లు వచ్చేవాళ్లు. మిగతా కాలమంతా కాన్పులు, గడ్డలు, చక్కెర జబ్బుతో మానని పుండ్లు. ఆడవాళ్ల ఆపరేషన్ వార్డుకు నేను పెద్ద సిస్టరును. కట్లు మార్చడం, సూదులు వేయడం, పక్క దుప్పట్ల కోసం చాకలితో గొడవపడటం, వీటితోనే పొద్దు పోయేది. రోగి పక్కన నిలబడి నెమ్మదిగా ప్రార్థన చేసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ఒక్క సమయంలో మాత్రం తీరిక దొరికేది. ఇక మన వల్ల కాదు, వేలూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయినా లాభం లేదు అనుకున్నప్పుడు. పెద్ద డాక్టరుగారు బంధువులను వరండాలోకి పిలిచి సంగతి చెప్పి, లోపలికి వచ్చి, ‘ప్రార్థన చేసుకుందాం’ అని కళ్లు మూసుకునేవారు. మేమూ మూసుకునేవాళ్లం. ఆయన మనసులో కల్మషం లేదు. చేతులకు పని అయిపోయాక ఆయనకు తెలిసింది అదొక్కటే.

కానీ జనం చూస్తుంటారు కదా. ఏ మంచం దగ్గర మేము కళ్లు మూసుకుంటామో, మర్నాటికి ఆ మంచం ఖాళీ అవుతుందని వాళ్లు కనిపెట్టేశారు. గేటు ఎదుటి టీ అంగడిలో, ‘కిటికీ కాడ మంచానికి ప్రార్థన అయిపోయిందంట’ అంటే, ఇక బండి మాట్లాడుకోండి అని అర్థం.

ఒకసారి కొత్తగా వచ్చిన నర్సింగు పిల్ల, పాపం మంచి మనసుతోనే, కాలి గడ్డ కోయించుకున్న, నగరి నుంచి వచ్చిన ఒకామె తల మీద చేయి పెట్టి చక్కగా ప్రార్థన చేసింది. పక్కనే ఉన్న ఆడబిడ్డ అది చూసి బయటికి పరుగెత్తి ఊరికి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి టెంపో నిండా జనం దిగారు, ఒకాయన చేతిలో పూలదండ కూడా ఉంది. రోగి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. దండ వైపు చూసి, ‘ఎవురు పోయినారు?’ అని అడిగింది. 

వార్డంతా రోజుల తరబడి నవ్వుకుంది. నేనూ నవ్వాను. క్వార్టర్స్‌కు పోయి తలుపు వేసుకున్నాక నవ్వు ఆగిపోయింది. నేను ఏది నమ్మి ఈ తెల్లబట్టలు వేసుకున్నానో, అది నా వార్డులోనే చావు డప్పు అయి కూర్చుంది. ఈ మాట సంఘంలో అంటే, నువ్వు ప్రతిదానికీ వంకలు పెడతావు అన్నారు. పెడతాను. వంక ఉన్న చోట పెట్టకుండా ఎట్లా ఉండేది?

అయ్యగారి కథలోని ఆమె, మా గాజులమ్మ, ఆ తర్వాత వచ్చింది. చిత్తూరు బజారులో గాజులు అమ్మేది కాబట్టి వార్డంతా అట్లాగే పిలిచేవాళ్లం. గర్భసంచిలో గడ్డ. ఒంట్లో చక్కెర దిగితేగానీ కత్తి పెట్టనని డాక్టరుగారు వాయిదా వేస్తూ పోయారు. ఆ వాయిదాల్లో ఆమె వార్డుకు యజమానురాలైపోయింది. దొంగతనంగా మామిడిపండు తింటూ పట్టుబడితే, ‘టెంక కాడ తిన్నాలే, ఆడ పులుపే ఉంటాది’ అని నాతోనే వాదించింది. నాతో సమానంగా వాదించే మనిషి దొరికి చాలా ఏళ్లయింది. ఆమె మంచం దగ్గర నేను అవసరానికంటే ఎక్కువసేపు నిలబడేదాన్ని.

ఆపరేషన్ రోజు పొద్దున ఆమెకు పచ్చగౌను తొడిగి, థియేటరు బయట వరండాలో పడుకోబెట్టాము. మత్తు డాక్టరు తిరుపతి నుంచి రావాలి, దారిలో ఆలస్యమైంది. ఆ ఎదురుచూపులో నేను దగ్గరికి పోయి, ప్రార్థన చేసేదా అని అడిగాను. ఆమె మోచేతి మీద సగం లేచింది.

“వద్దమ్మే. నువ్వు కండ్లు మూస్తే నేను మూసినట్టే.”

వద్దంటే ఊరుకునే రకం కాదు నేను. ఆపరేషన్‌కు ముందు థియేటరు లోపల, బయటివాళ్లకు కనబడకుండా, డాక్టరుగారు అందరికీ ఒక్క మాటగా చేస్తారు, ఇది మంచికే అని చెప్పాను.

“మొన్న పోయిన ఆ కిటికీ కాడి ఆమెకు గూడా మంచికే చేసినారు గదా?”

ఆమె సంగతి వేరు అన్నాను.

“వేరని మీ దేవునికి తెలుసు. నాకెట్లా తెలుస్తాది? వచ్చినావు గదా, కూసో. కండ్లు మాత్రం తెరిసి పెట్టుకో.”

కోపం వచ్చింది. కోపం కింద ఇంకొకటి ఉంది, ఏం చేయాలో తెలియకపోవడం. రోగి దగ్గరికి పోతే నాడి చూడాలి, సూది వేయాలి, లేదా ప్రార్థన చేయాలి. ఊరికే కూర్చోవడం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. భయపడుతోంది పాపం అనుకున్నాను. భయం కాదు. నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కి, కొలత చూస్తోంది.

“రెండుంపావు,” అంది. “ఇంత సన్న చెయ్యి పెట్టుకోని బోసిగా తిరగతావేమే?”

డ్యూటీలో గాజులు కూడదన్నాను. ఇంటికి పోయినాక వేసుకోవచ్చు కదా అంది. ఇంట్లో చూసేదెవరు అన్నాను. తేలిగ్గా అనబోయాను, మాట తేలిగ్గా రాలేదు. ఇక ఆమె వదలలేదు. అమ్మ లేదని, నాయన అంతకుముందే పోయాడని, పెళ్లి చేసుకోలేదని అన్నీ రాబట్టింది. సంఘంలో నా గురించి దేవునికి అంకితమైన జీవితం అంటుంటారు. అదేమీ లేదు. చూడటానికి వచ్చినవాళ్లతో వాదన పెట్టుకున్నాను, వాళ్లు మళ్లీ రాలేదు, అంతే. ఆమెకు అదీ చెప్పాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు.

“మరి నీ కోసరం ఎవురు అడగతారు?”

నాకేమీ అవసరం లేదన్నాను.

“నేనడిగింది అది కాదు.”

అది కాదని నాకూ తెలుసు. బుధవారం ఆడవాళ్ల కూడికలో అందరూ వరసగా తమ అవసరాలు చెబుతారు. కొడుకు ఉద్యోగం, కోడలి నెలలు, మోకాళ్ల నొప్పి. ప్రతి ఒక్కరూ నా వైపు తిరిగి, సిస్టరుగారూ, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అంటారు. వరస నా దగ్గరికి వచ్చేసరికి, ‘సిస్టరుకేముంది, దేవుని పనిలోనే ఉంది గదా’ అని పక్కామె దగ్గరికి దాటిపోతుంది. నేనూ దాటిపోనిచ్చేదాన్ని.

గాజులమ్మ రెండు చేతులూ దోసిలిగా పట్టి, ఉర్దూలో తనలో తాను ఏదో చెప్పుకోసాగింది. ఆపరేషన్ భయం, తన కోసం దువా చేసుకుంటోంది అనుకున్నాను. ముగించి, చేతులు తన ముఖానికి రాసుకుని, నా మెడ పట్టి దగ్గరికి వంచి, నా ముఖం మీద ఊదింది. పరగడుపు ఊపిరి, వెచ్చగా ఉంది. వాళ్లలో పిల్లలకు జ్వరం వస్తే అట్లా దువా చదివి ఊదుతారు. ఆస్పత్రిలో ఎన్నోసార్లు చూశాను. నా మీద ఎవరూ ఊదలేదు.

ఏదో అనబోయేలోపు మత్తు డాక్టరు వచ్చాడు, స్ట్రెచర్ కదిలింది. ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ చెడ్డది కాదని తేలింది. ఆమె బతికింది డాక్టరుగారి చేతి వల్ల, చక్కెర దిగినందువల్ల, దేవుని దయ వల్ల. ఈ మూడూ నాకు ఒకదానికొకటి అడ్డం కాదు.

ఇంటికి పోయే రోజు అడిగాను, నా కోసం ఏం అడిగావని. నవ్వింది.

“సెప్తే దువా యాడ ఫలిస్తాది? జరిగినాక నువ్వే వచ్చి నాకు సెప్పు.”

కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు రెండుంపావు కొలతకు ఎర్ర గాజులు తెచ్చి, సబ్బు రాసి నా చేతికి ఎక్కించింది.

ఆ తర్వాత మా వార్డులో ఒక పద్ధతి మార్చాను. కుట్లు విప్పి ఇంటికి పోయేవాళ్ల దగ్గర, ఒప్పుకుంటేనే, కృతజ్ఞతగా రెండు మాటలు ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. కళ్లు తెరిచే. మొదట్లో జనం బెదిరారు. నడిచి పోయేవాళ్లకు కూడా ప్రార్థన అవుతుందని టీ అంగడికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు నేను తిరుపతిలో నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతాను. మిద్దె మీద ఒక గది. బస్సు ఎక్కితే చుట్టూ గుండ్లు, మొక్కులు, ఏదో ఒకటి అడగడానికి వచ్చిన జనమే. ఒక సెలవు రోజు చిత్తూరు పోయి గాజులమ్మ అంగడి వెతికాను. అక్కడ సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఆమె అంతకుముందు రంజాన్ నెలలోనే పోయిందని, కొడుకూ కోడలూ బెంగళూరు వెళ్లిపోయారని పక్క అంగడాయన చెప్పాడు.

ఈ ఏడు తిరుపతిలోని మా సంఘం స్త్రీల కూటమిలో సాక్ష్యం చెప్పమని నన్నే పిలిచారు. అయ్యగారు చెప్పే కథే చెబుతాననుకున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రార్థన నేను చేయలేదు, ఆమె నా కోసం చేసింది, ఏం అడిగిందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది అని చెప్పి కూర్చున్నాను. ఆమెన్ అనే చోట ఎవరూ అనలేదు.

భోజనాల దగ్గర అయ్యగారి భార్య వచ్చింది. “సాక్ష్యమంటే దేవునికి మహిమ రావాలమ్మా. నువ్వు ఆ గాజులామెకు తెచ్చినావు.”

“ఆమెకు వచ్చింది దేవునికి పోదా అమ్మగారూ?” అన్నాను.

ఆమె మజ్జిగ వడ్డించే వైపు వెళ్లిపోయింది. నా బల్ల దగ్గర మిగతా కుర్చీలు అట్లాగే ఖాళీగా ఉన్నాయి. కొంతసేపటికి ఒకామె వచ్చి నా భుజం మీద చేయి వేసింది. ఈమె అడుగుతుందేమో, నీ కోసం ఏం ప్రార్థన చేయమంటావు అని, అనుకున్నాను. కూతురికి పరీక్షలు ఉన్నాయి, జ్ఞాపకం చేసుకోమంది. చేసుకున్నాను. ఆ పిల్ల పాసయింది కూడా.

ఆ తర్వాత ఇక్కడి బుధవారం కూడికకు రమ్మని ఫోను రాలేదు. గాజుల్లో రెండు పగిలాయి, మిగిలినవి ఇంట్లో వేసుకుంటాను. ఒక్క కంచం కడిగేటప్పుడు అవి చప్పుడు చేస్తాయి. అప్పుడు ఆమెతో వాదన పెట్టుకుంటాను. జరిగినాక వచ్చి చెప్పమన్నావు. ఏది జరగాలో తెలియకుండా, జరిగిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? నువ్వు నా కోసం ఏం అడిగావమ్మా?