దూలగొండి తీర్థం

హాలాహలాన్ని గొంతులోనే నిలిపి లోకాలను కాచిన ఆ నీలకంఠుడికి ముందుగా కోటి దండాలు. అంత విషం మింగినా ఆయనకు మాట పోలేదు. నేను గ్లాసెడు ఆకుపసరు తాగి మాట పోగొట్టుకున్నాను, చేతిలోని రెండు మగ్గాలూ పోగొట్టుకోబోయాను. తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే నాలుగు తన్నాలనిపిస్తుంది. మీరు నవ్వుకోండి, తన్నే పని నేను చూసుకుంటాను.

కరోనా మొదటి ఏడాది. సూరత్‌లో, వడోద్ అనే పేటలో ఒక గదిలో నేనూ నా భార్య లలితా ఉండేవాళ్లం. లాక్‌డౌన్ ఎత్తేశాక సోమవారం మా మరమగ్గాల కార్ఖానా తెరుస్తున్నామని మేనేజర్ కబురు పెట్టాడు. తొలిరోజు రానివాడి మగ్గాలు వేరేవాడికి. వచ్చినవాడిలో ఏ రోగలక్షణం కనబడినా గేటు దగ్గర నుంచే వెనక్కి. అంటే సోమవారానికి నా ఒళ్లు వజ్రంలా ఉండాలి.

ఆదివారం కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో పచ్చటి కషాయం తాగుతున్నాడు. గఢ్వాల్ కొండల మనిషి.

"ఏంటి భయ్యా అది?"

"బిచ్ఛూ బూటీ, పండిత్‌జీ."

భజన మండలిలో పురాణం చెబుతాను. మగ్గాల మధ్య కూడా చెబుతాను. అందుకే షెడ్డంతా నాకు ఆ బిరుదు ఇచ్చింది. బిచ్ఛూ అంటే తేలు, ముట్టుకుంటే తేలు కుట్టినట్టుంటుందట ఆ ఆకు. తాగితే మాత్రం రక్తం పడుతుందట, కీళ్ల నొప్పులు తగ్గుతాయట, తుమ్ములు ఆగుతాయట. పన్నెండు గంటలు నిలబడే నా మోకాళ్లు చెవులు రిక్కించి విన్నాయి.

"ఎలా తాగాలి?"

అతను మాస్కు పైకి లాక్కుంటూ అన్నాడు. "సుఖాకే పీనా."

ఎండబెట్టి తాగమని. సూరత్‌లో ఆరు నెలలున్న ఎవడికైనా ఆ ముక్క తెలుస్తుంది. నాకు ఆరేళ్లయినా తెలియలేదు, మధ్యలో సంస్కృతం అడ్డొచ్చింది. సుఖం! చింత లేకుండా సుఖంగా తాగమన్నాడు! ఎంత తత్వం చెప్పాడు కొండ మనిషి! నాకు కళ్లు కూడా చెమర్చాయి, నా మొహం మండ!

అక్కడితో ఆగానా? తేలులా కుట్టే ఆకంటే మా వైపు దురదగొండి, దూలగొండి అంటామే, అదే అయ్యుంటుందని తేల్చేశాను. కార్ఖానా వెనక గోడ మీద అల్లుకునే ఉంది. ఆ కొండ మొక్క వేరు, ఈ తీగ వేరు అన్న అనుమానానికి నా బుర్రలో జాగా లేదు.

సోమవారం పొద్దున్నే చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఆకు కోసుకొచ్చాను. చెయ్యి కాపాడుకోవాలని తోచిన తెలివికి నాలుక సంగతి తోచలేదు చూడండి! సుఖం అన్నాక మంట ఎందుకని పొయ్యి కూడా వెలిగించలేదు. పచ్చిదే నూరి చల్లటి నీళ్లలో కలిపాను.

లలిత తొంగిచూసింది. "ఓ అయ్యా, గది దూలగొండి గాదె? మా ఊర్ల మేకలు సుత ముట్టయి!"

"మేకకేం ఎర్కనే మహిమ? జర భక్తితోని చూడు. తీర్థమిది."

"మేకకున్నంత గూడ లేకపాయె నీకు! నాకైతే పొయ్యకు."

కళ్లు మూసుకుని, మూడుసార్లు శివనామం తలచుకుని, సుఖంగా గొంతులో పోసుకున్నాను.

కోరి కొరివితో తల గోక్కున్నట్టని పెద్దలంటారు. నేను కోరి దూలగొండితో నాలుక గోక్కున్నాను. వెయ్యి తేళ్లు నా నాలుక మీద పెళ్లి ఊరేగింపు తీశాయి. పెదవులు మిరపకాయ బజ్జీల్లా ఉబ్బాయి.

"ఏమైందయ్యా?"

"బ్బ... బ్బబ్బ..."

లలిత చెంబెడు మజ్జిగ తాగించింది. "గీ మొఖంతోని పోకు, అంబులెన్సుల ఎక్కిస్తరు!" అంది. పోకపోతే మగ్గాలు పోతాయి. మాస్కు మీద మాస్కు కట్టుకుని ఉరికాను.

గేటు దగ్గర మేనేజర్ నుదుటికి మీటర్ పెట్టి చూశాడు. జ్వరం లేదు.

"ఖాంసీ? దగ్గుందా?"

తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పు!"

"బ్బ... బ్బ..."

మాస్కు తీయమన్నాడు, తీశాను. "అరే, ఆ శూ ఛే? ఇదేంటి?" అంటూ ఆయన నాలుగడుగులు వెనక్కి దూకాడు. నా వెనక క్యూ పదడుగులు దూకింది. "ఇతన్ని పంపించెయ్! ఇతని మగ్గాలు ఇంకెవరికైనా ఇచ్చెయ్!"

ఆరేళ్లుగా నేసిన మగ్గాలు కళ్లముందే పరాయివైపోతున్నాయి, నోట మాట లేదు. దేవుడి దయ, మిగిలిన ఆకు జేబులో ఉంది. షెడ్డులో అందరికీ ప్రసాదంగా పంచుదామని సంచిలో చుట్టి తెచ్చాను మరి! తీసి వాచ్‌మన్‌కు చూపించాను.

అతను నెత్తి కొట్టుకున్నాడు. "కచ్చా పీ లియా? పచ్చిదే తాగేశావా? అరే పండిత్‌జీ, సుఖాకే బోలా థా! ధూప్ మే సుఖాకే, ఎండలో ఎండబెట్టి! ఇది మా బూటీ కూడా కాదు!" మేనేజర్ వైపు తిరిగాడు. "సాబ్, ఇది కరోనా కాదు. పిచ్చి ఆకు తాగాడు."

మేనేజర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మాట ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం దాకా రాదు, సాబ్."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఈయన పురాణం వింటూ పక్కవాళ్లు దారం తెగినా చూడరు. లోపలికి పంపు. రేపు కూడా తాగించు!"

ఆ రోజు షెడ్డులో దారం తెగి పాడైన బట్ట ఇంత తక్కువా అని అందరూ ఆశ్చర్యపోయారు. సాయంత్రం లలిత నా పెదవులకు నెయ్యి రాస్తూ అంది. "పన్నెండేండ్ల సంది నీ నోటి దూలకు మందు దొర్కలే. అది దూలగొండిల్నే ఉన్నదని ఎవలికెర్క!"

తర్వాత వాచ్‌మన్ తన ఊరి ఎండుటాకు మరిగించి ఇచ్చాడు. పాలకూర ఉడికిన నీళ్లలా ఉంది, నాలుకను ఏమీ అనలేదు. మోకాళ్ల సంగతి మోకాళ్లనే అడగండి.

కాబట్టి మగ్గం మీద చెయ్యి వేసి, దేవుడి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. రెండుసార్లు అడిగి తెలుసుకోనిది ఏదీ, అమృతమైనా సరే, ఈ నోట్లో పోయను. మీరూ చేతులు జోడించి నాతోపాటు అనండి: స్వామీ, మాకు ఆరోగ్యం ఇయ్యి. అంతకంటే ముందు, సరిగ్గా వినే చెవులు ఇయ్యి.