నాయిన తంబురకు పెట్టిన మెరుగు

శానిటైజర్ సీసా మూత తీయగానే మీకెవరికైనా చిన్నతనం గుర్తొస్తుందా? మగ్గాల పనికి వలసొచ్చిన మనోళ్లుండే లింబాయత్‌లో, మా గల్లీలో పెరిగినవాళ్లకు గుర్తుండాలి. మగ్గాలకు సెలవున్న రోజు నాయిన తాను చేసిన టేకు తంబురకు మెరుగు పెట్టేవాడు. లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, పాత లుంగీ గుడ్డలో దూది చుట్టి, పూత మీద పూత రుద్దేవాడు. గల్లీ అంతా ఆ ఘాటు వాసనే. పిల్లలం చుట్టూ మూగితే కసిరేవాడు: "ఆరనియ్యుండ్రి. ఎవ్వలు ముట్టకుండ్రి."

పోయిన నెల నాయిన కరోనాతో ఆసుపత్రిలో చేరాడు. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఇంట్లో కనిపించిందల్లా శానిటైజర్‌తో తుడుస్తున్న అమ్మ, ఆయన రాగానే ముందు పట్టుకునేది తంబురనే కదా అని దాన్నీ తుడిచింది. స్పిరిట్‌లో కరిగే లక్క, శానిటైజర్ తగిలితే ఊరుకుంటుందా? మెరుగంతా జిగురై గుడ్డకు అంటుకొచ్చింది.

"ఇదేంది బిడ్డా, గిట్లయింది?" అని అమ్మ ఆ గుడ్డను నా ముందు పెట్టింది.

సాయంత్రం నర్సు వీడియో కాల్ కలిపింది. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి నాయిన, "తంబుర జర సూపెట్టు" అన్నాడు. అమ్మ బాగున్న వైపు చూపించింది.

"అటు దిక్కు తిప్పు."

తిప్పక తప్పలేదు. ఆయన చూశాడు. తిట్టలేదు.

"ఆరనియ్యుండ్రి. ఎవ్వలు ముట్టకుండ్రి."

తంబుర ఆరింది. నాయినను ప్లాస్టిక్‌లో చుట్టి దూరం నుంచే చూపించారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.